పేపర్ ఒకటే అయినప్పుడు నేను విడిగా చేరిందెందుకు?

ప్రశ్న: మేడమ్, మాది దేవరకొండ. నల్లగొండలో డిగ్రీ, మాస్ కమ్యూనికేషన్ చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో అడ్వర్టైజింగ్, కన్జ్యూమర్ బిహేవియర్ పేపర్లు రెండూ బీబీఏ మార్కెటింగ్ వాళ్లతో కలిపి ఒకే గదిలో చెబుతున్నారు. పోచంపల్లి చీరల మీద ప్రాజెక్టు కూడా కలిపే ఇచ్చారు. లెక్కలన్నీ వాళ్లే పట్టుకుని, నన్ను పోస్టర్ మీద మాటలు రాయమంటున్నారు. 'రెండూ ఒకటే అయితే బీబీఏలోనే చేరకపోయావా' అని మా బాపు అంటున్నాడు. ఏం చెప్పాలి? – ఒక విద్యార్థిని

జవాబు: పేపర్ ఒకటేనమ్మా, దాన్ని చదివే ఉద్దేశం వేరు. చీర ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు, ఎక్కడ దొరకాలి అని మార్కెటింగ్ పిల్లలు చూస్తారు. 1960లో మార్కెటింగ్ ప్రొఫెసర్ మెకార్తీ చెప్పిన ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్ వాళ్లకు నోటికొచ్చే ఉంటాయి. నీ పని ఆ చివరిదానితో మొదలైనా అక్కడే ఆగదు. కొనేవాళ్లతో పాటు నేసేవాళ్లు, విలేకరులు, ఊరికి వచ్చిపోయేవాళ్లు ఏమనుకుంటున్నారన్నది కూడా నీకు కావాలి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ భూదాన్ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది కదా, అది యాడ్ కాదు, వార్త. జనం యాడ్‌ను చూసే చూపు వేరు, వార్తను చూసే చూపు వేరు. ఆ తేడా మీద ప్రాజెక్టులో ఒక చాప్టరే రాయొచ్చు, అది రాయాల్సింది నువ్వే.

ఇంకోటి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకన్న గుర్తింపు వచ్చినా, అదే డిజైన్ ప్రింటు కొట్టిన చీరలు తక్కువ ధరకు పక్కనే అమ్ముతుంటారు. అసలు ఇక్కత్‌లో నూలుకు ముందే చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగులో ముంచి ఆ తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, ప్రింటుదైతే తిరగేస్తే వెలిసినట్టు కనిపిస్తుంది. ధర ఎందుకు ఎక్కువో మీ బీబీఏ వాళ్లు పట్టిక వేసి చూపిస్తారు, మంచిదే, కానీ షాపులో నిలబడ్డ మనిషికి చీర అంచు తిప్పి చూపించే ముప్పై సెకన్ల వీడియో ఎవరు రాస్తారు?

అలాగని లెక్కలు వాళ్లకు వదిలేయకు. మన కమ్యూనికేషన్ పిల్లలకు లెక్కలంటే టెన్షన్, అదే మన లోటు. యాడ్‌కు 8,000 రూపాయలు పెడితే 40,000 సార్లు కనిపించిందనుకో, వెయ్యికి 200 పడ్డట్టు, ఇంతేగా! ఎవరితోనైనా డబ్బిచ్చి రీల్ చేయిస్తే అది ప్రకటన అని అందులో స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాలు చూసే ఏఎస్‌సీఐ 2021లోనే నియమం పెట్టింది, ఆ సంగతి కూడా టీమ్‌లో చెప్పేది నువ్వే అవ్వాలి.

పోస్టర్ మాటలు రాయి, తప్పేం లేదు. కాకపోతే యాడ్ ఎక్కడ, ఎప్పుడు వేయాలో చెప్పే మీడియా ప్లాన్, దాని బడ్జెట్ నాకే కావాలని ఈ వారమే అడిగి తీసుకో, ఎవరు ఏ చాప్టర్ రాశారో రిపోర్టు మొదటి పేజీలోనే పేర్లతో వేయించు.