ముందు గడపలు తట్టు

బిడ్డా,

వరంగల్‌లో నీడ కరువైన బస్తీలకు చెట్ల ప్రణాళిక వేసే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. నర్సరీలో బతికినవాణ్ణి, మొక్కలనగానే ముందు మే నెలే గుర్తొస్తుంది.

ఏపుగా పెరిగిన మొక్క తీసుకో, కంచె కట్టించు. ఇవి నీకు తెలిసినవే.

నగరం మొత్తానికి సగటు తీసి మురిసిపోకు. నిట్ కాలేజీ ఆవరణ, పద్మాక్షి గుట్ట కలిపితే లెక్క పచ్చగానే వస్తుంది. కరీమాబాద్ సందులో రేకుల కింద ఉడికిపోయే ముసలమ్మకు ఆ లెక్కతో ఏం పని? 66 డివిజన్లకూ విడివిడిగా, వీలైతే వీధివీధినా నీడ కొలువు. 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి ఇమ్మంది, నాటినవాటిలో 85 శాతం బతకాలంది. మంచిదే. అయితే ఆ శాతం కోసం అందరూ ట్యాంకరు తిరిగే పెద్ద రోడ్లనే ఎంచుకుంటారు. ట్యాంకరు దూరని సందు మిగిలిపోతుంది.

వెనకటికి ఒక బస్తీలో మా పైవాళ్లు ఎవరినీ అడగకుండా ఒక్క పూటలో వీధి పొడవునా గుంతలు తీయించారు. ఒకటి ఇస్త్రీ బండి నిలిపే చోట, ఒకటి నీళ్ల డ్రముల పక్కన, ఇంకొకటి రాత్రి మంచం వాల్చే వాకిట్లో. పైన కరెంటు తీగలు, కింద పూలు బాగుంటాయని తురాయి మొక్కలు! వేసవిలో నీళ్లు పోయమంటే, తాగడానికే లేవు, మిమ్మల్ని నాటమన్నదెవరని ఆడవాళ్లు నిలదీశారు. న్యాయం వాళ్లదే. రెండు చెట్లు ఎలాగో పెరిగాయి. ఒక గాలివానకు కొమ్మ విరిగి రేకుల మీద పడింది. లోపల పిల్లవాడు నిద్రపోతున్నాడు. గీత కూడా పడలేదు గానీ, తెల్లారేసరికి రెండూ నరికేశారు. ఆ తర్వాత చెట్టు మాటెత్తితే ఆ వీధిలో తలుపులు మూసేవాళ్లు.

అందుకే ముందు గడప గడపకూ వెళ్లు. మంచమెక్కడ, బండెక్కడ, నీళ్లెప్పుడు వస్తాయో అడుగు. తీగల కింద దేవకాంచనం చాలు. చోటున్న దగ్గర వేప, కానుగ. కోనోకార్పస్ మొక్కల జోలికి పోకు. రెండు వేసవులు నీళ్లు పోసే పని ఆ వీధి మహిళా సంఘానికే ఇచ్చి కూలీ కట్టించు. ఊరికే పోయమనడం దోపిడీ. ఇలా చెప్పానని విసుక్కోకు.

నీడ కొలవాలంటే మిట్టమధ్యాహ్నమే తిరగాలి. గొడుగు పట్టుకోమంటే నీకు నామోషీ. పట్టుకో. నీ జీతం సంగతి మీ నాన్న చెప్పలేదు, రాసి పంపు.

పెద్దనాన్న