చంబాలో గుడి శిఖరాల మీద గొడుగుల్లాంటి కప్పులు ఎందుకు?

మంచు కోసం. రాతి శిఖరంపై మంచు పేరుకోకుండా జారిపోవాలని పైన చెక్కతో చుట్టు కప్పు వేశారు. హిమాచల్‌లోని చంబాను 10వ శతాబ్దంలో సాహిల్ వర్మ రాజధానిగా చేసుకున్నాడు. అంతకుముందు రాజధాని భర్మౌర్. ఇక్కడి లక్ష్మీనారాయణ ప్రాంగణంలో విష్ణువుకు, శివుడికి కట్టిన ఆరు గుళ్లు ఒకే వరసలో ఉంటాయి. శైవ వైష్ణవాలు ఇలా పక్కపక్కనే నిలవడం నాకెంతో ఇష్టం.

హరిరాయ ఆలయంలోని కంచు విష్ణుమూర్తిని 1971లో దొంగలు ఎత్తుకెళ్లారు, అదృష్టవశాత్తు మళ్లీ దొరికింది. సూయీ మాత గుడిని మాత్రం వదలకండి. ఊరికి నీళ్లు రావాలని సాహిల్ వర్మ రాణి సజీవ సమాధి అయిందని స్థానికుల కథ. ఏటా ఆమె పేర జరిగే జాతర ఆడవాళ్లది, పిల్లలది.