బొమ్మ కార్టూన్‌లా ఉంటే ఉద్యోగం రాదా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. అమెరికా నుంచి వచ్చిన వాళ్ల బావ నింటెండో స్విచ్ అనే గేమ్ యంత్రం ఇచ్చి వెళ్లాడు. అప్పటి నుంచి 'జెల్డా' అనే ఆట పట్టుకుంది. గేమ్ ఆర్టిస్ట్ అవుతానంటోంది. నోట్‌బుక్ వెనక పేజీల నిండా పెద్ద కళ్ల బొమ్మలే. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా తమ్ముడేమో 'కార్టూన్ బొమ్మలు చిన్నపిల్లలకు. ఉద్యోగం కావాలంటే అచ్చం నిజంలా ఉండే రియలిస్టిక్ త్రీడీ నేర్చుకోవాలి' అంటున్నాడు. ఒక శిక్షణ సంస్థ వాళ్లూ అదే చెప్పి, రెండేళ్ల కోర్సుకు లక్షల్లో ఫీజు అడిగారు. ఏది నేర్పించాలి? ఇంజినీరింగ్ వద్దనుకోవచ్చా? టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి, హనుమకొండ)

జవాబు: మీ తమ్ముడు అన్న మాట కొత్తదేం కాదండి. 2001లో ఈ మాటే వేలమంది అన్నారు. అదీ మీ అమ్మాయి ఆడుతున్న ఈ జెల్డా గురించే. ముందు ఆ కథ చెబుతాను. మీకు కావలసిన జవాబు సగం అందులోనే ఉంది.

జెల్డా మొదటి ఆట 1986లో జపాన్‌లో వచ్చింది. ఆకుపచ్చ చొక్కా, కోసుగా ఉన్న టోపీ, చేతిలో కత్తీ డాలూ ఉన్న లింక్ అనే కుర్రాడు అడవులూ గుహలూ తిరిగి రాకుమారిని కాపాడాలి. (జెల్డా అంటే ఆ కుర్రాడే అనుకుంటారు చాలామంది. నేనూ అనుకున్నాను, మా అబ్బాయి నవ్వాడు. జెల్డా రాకుమారి పేరు.) అప్పటి యంత్రాల్లో లింక్ అంటే నాలుగు రంగుచుక్కలు, అంతే. కార్టూనా, రియలిస్టిక్కా అనే ప్రశ్నే లేదు. 1998లో 'ఆకరీనా ఆఫ్ టైమ్' త్రీడీలో వచ్చింది. 70 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. దాన్ని ఆడిన పిల్లలు పెరిగి పెద్దవాళ్లవుతున్నారు. తమతోపాటు లింక్ కూడా పెరుగుతాడని ఎదురుచూశారు.

2000 ఆగస్టులో, జెల్డా ఆటలు తయారుచేసే జపాన్ కంపెనీ నింటెండో తన కొత్త యంత్రం గేమ్‌క్యూబ్ సత్తా చూపించడానికి స్పేస్ వరల్డ్ అనే ప్రదర్శనలో ఒక చిన్న వీడియో వేసింది. అందులో లింక్, గానన్‌డార్ఫ్ అనే విలన్ కత్తులు దూస్తారు. అప్పటికి అది నిజం మనుషులు కొట్టుకున్నట్టే. తర్వాతి ఆట ఇలాగే ఉంటుందని అందరూ ఖాయం చేసుకున్నారు. సరిగ్గా ఏడాదికి అదే ప్రదర్శనలో అసలు ఆట చూపించారు. గుమ్మడికాయంత తల, పిల్లి కళ్లు, పొట్టి కాళ్లు! ఆ ఆట పేరు 'విండ్ వేకర్'. అభిమానులు భగ్గుమన్నారు. ఇలా త్రీడీ బొమ్మకు చేత్తో గీసిన కార్టూన్ రూపం తెచ్చే పద్ధతిని సెల్ షేడింగ్ అంటారు. మామూలుగా వెలుగు మెల్లమెల్లగా నీడలోకి కరిగిపోతుంది. ఇక్కడ అలా కరగకుండా, గీత గీసినట్టు రెండు మూడు రంగులుగా విడిపోతుంది. ఆ 'సెల్'ను తీసుకుని ఆటకు 'సెల్డా' అని వెక్కిరింపు పేరు పెట్టారు. పిల్లలాట అయిపోయిందన్నారు.

మరి ఆ బృందం ఎందుకు అలా చేసింది? దర్శకుడు ఐజీ అఒనుమా తర్వాత చెప్పిన దాన్నిబట్టి, పాత ఆటకే ఇంకాస్త మెరుగు పెట్టుకుంటూ పోవడం వాళ్లకు రుచించలేదు. అప్పుడు యోషికి హరుహనా అనే ఆర్టిస్ట్ ఈ పెద్ద తల కుర్రాడిని గీశాడు. సతోరు తకిజావా అనే ఇంకో ఆర్టిస్ట్ అదే తీరులో శత్రువులను గీశాడు. ఆ బొమ్మలు చూశాక, ఇలాంటి కుర్రాడు ఎలా కదులుతాడు, దెబ్బ తగిలితే శత్రువు ఎలా ఎగిరిపడతాడు అనే ఆలోచనలు వరస కట్టాయి. తకిజావా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ పెద్ద కళ్లు ముద్దు కోసం పెట్టినవి మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆటలో ఏదైనా ముఖ్యమైన వస్తువు దగ్గరలో ఉంటే లింక్ కళ్లు అటు తిరుగుతాయి. కళ్లు పెద్దవి కాబట్టి ఆడేవాళ్లకు కనిపిస్తుంది. చెప్పకుండా చెప్పే ఆనవాలు అన్నమాట. ఈ ఆటకు ప్రాణం సముద్ర ప్రయాణం, అంటే గాలి. గాలి ఎటు వీస్తోందో తెలియాలి. ఆకాశంలో తెల్లటి గీతలు సుడులు తిరుగుతూ పోతాయి. ఫొటోలాంటి ఆకాశంలో ఆ గీతలు పెడితే ఎబ్బెట్టుగా ఉండేది. కార్టూన్ ఆకాశంలో ఎవరికీ అనుమానం రాదు.

2002 చివర జపాన్‌లో, 2003లో మిగతా చోట్ల ఆట విడుదలైంది. జపాన్ గేమ్ పత్రిక ఫామిత్సు 40కి 40 మార్కులు వేసింది. అమ్మకాలు మాత్రం 40 లక్షలు దాటినా, ఆకరీనా దగ్గరకు రాలేదు. బొమ్మల తీరు చూసి జనం దీన్ని చిన్నపిల్లల ఆట అనుకుంటున్నారని నింటెండో అమెరికా శాఖ చెప్పింది. దాంతో అదే తీరులో అనుకున్న రెండో భాగం ఆగిపోయింది. 2004లో లాస్ ఏంజెలిస్‌లో జరిగిన ఈ3 ప్రదర్శనలో రియలిస్టిక్ లింక్‌తో కొత్త ట్రెయిలర్ వేస్తే హాలు హాలంతా లేచి అరిచింది. ఆ ఆటే 2006లో వచ్చిన 'ట్వైలైట్ ప్రిన్సెస్'. 80 లక్షలు దాటింది. వీ అనే కొత్త యంత్రంతోపాటే రావడమూ కలిసొచ్చింది. అయినా సరే, ఇక్కడివరకు లెక్క చూస్తే మీ తమ్ముడిదే పైచేయి. ఆ సంగతి నేను దాచను.

అయితే ట్వైలైట్ ప్రిన్సెస్‌కు ఆర్ట్ డైరెక్టర్ ఎవరో తెలుసా? ఆ తకిజావాయే. కార్టూన్ శత్రువులను గీసిన చెయ్యే బురద మరకల కవచాలూ, తోడేలు బొచ్చూ ఉన్న రియలిస్టిక్ ప్రపంచాన్నీ నడిపించింది. 2017లో వచ్చిన 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'కూ ఆర్ట్ డైరెక్టర్ ఆయనే. బహుశా మీ అమ్మాయి ఆడుతున్నది అదే. అందులో సెల్ షేడింగ్ నీడలున్నాయి, నీటిరంగుల ఆకాశముంది, మనుషుల కొలతలు మాత్రం నిజానికి దగ్గర. రెండూ కలిపిన తీరు. ఎందుకలా అంటే ఆటే అలా ఉంది. గొడ్డలితో చెట్టును కొడితే అది కూలి దుంగవుతుంది. దుంగను కొడితే ఆ క్షణంలోనే కట్టెల మోపయి కూర్చుంటుంది. అగ్నిపర్వతం దగ్గర మాంసం నేల మీద పడేస్తే కాలిపోతుంది, మంచుకొండ మీద వేస్తే గడ్డకడుతుంది. ప్రతి ఆకూ ఫొటోలా ఉన్న లోకంలో దుంగ ఇట్టే మోపయిపోతే నవ్వొస్తుంది. పూర్తి కార్టూన్ లోకమైతే అంత పెద్ద అడవిలో చలీ, ఎండా, ఆకలీ మనకు పట్టవు. ఆ రెంటి మధ్య ఎక్కడ నిలబడాలో వెతుక్కున్నారు. ఆ ఆట 3 కోట్లు దాటి అమ్ముడుపోయింది.

నేను ఆటలాడే మనిషిని కాను. మా అబ్బాయి ఆడుతుంటే పక్కన కూర్చుని చూసినదాన్ని. నా కంటికి విండ్ వేకర్ ఇప్పటికీ కొత్తగా ఉంటుంది. అప్పట్లో అంత చప్పట్లు కొట్టించుకున్న ట్వైలైట్ ప్రిన్సెస్ ముఖాలు మాత్రం పాతబడ్డాయి. నిజంలా ఉండాలని చూసిన బొమ్మను వచ్చే ఏడాది యంత్రం ఓడించేస్తుంది. కార్టూన్‌కు ఆ పోటీ లేదు.

మీకు చెప్పాలనుకున్నది ఇదే. కార్టూనా, రియలిస్టిక్కా అనేది ఆర్టిస్ట్ కులం కాదు. ఆట ఏం అడిగితే అది. పనిచేసేవాడికి రెండూ రావాలి.

ఇక ఉద్యోగాల సంగతి. మన దేశంలో గేమ్ ఆర్ట్ పనిలో పెద్ద భాగం బయటి దేశాల ఆటలకు చేసిపెట్టేది. క్లయింటు ఒక స్టైల్ గైడ్ పంపిస్తాడు, ఆ కుర్చీ, ఆ తలుపు, ఆ తుపాకీ అదే తీరులో ఉండాలి. ఈ నెల రియలిస్టిక్ కారు, వచ్చే నెల ఫోన్ ఆటకు బొద్దు కోడిపుంజు. 'నాకు ఇదొక్కటే వచ్చు' అనేవాళ్లకు అక్కడ కష్టం. ఫోన్ ఆటలు చాలావరకు కార్టూన్ వైపే ఉంటాయి. చిన్న తెర మీద బొమ్మ గుర్తుపట్టగలగాలి, ఫోన్ వేడెక్కకూడదు. నింటెండో కూడా తన చిన్న డీఎస్ యంత్రంలో 2007, 2009 జెల్డా ఆటలకు ఆ పెద్ద తల లింక్‌నే వాడింది. మన హైదరాబాద్‌లో ఛోటా భీమ్ తీసిన గ్రీన్ గోల్డ్ ఉంది, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద గేమ్ కంపెనీ ఆఫీసూ ఉంది. పుణె బృందం 2020లో విడుదల చేసిన 'రాజీ' ఆటలో హిమాలయ ప్రాంతపు పహాడీ చిత్రాల పోలికలుంటాయి. కాబట్టి కార్టూన్‌కు ఉద్యోగాల్లేవన్నది తప్పు. గేమ్ రంగంలోనే ఒడిదుడుకులు ఎక్కువ అన్నది మాత్రం నిజం. 2023, 24లో ప్రపంచమంతా పెద్ద స్టూడియోలే మనుషులను తీసేశాయి. ఇది తెలిసి దిగాలి.

ఇక్కడి నుంచి అమ్మాయిని చదవమనండి.

తల్లీ, నీ బొమ్మలు నేను చూడలేదు. కానీ ఇన్నేళ్లలో చాలా నోట్‌బుక్కులు చూశాను కాబట్టి ఒక అనుమానం. ఆ పెద్ద కళ్లు నువ్వు నిజం మనుషులను చూసి గీసినవా, ఇంకొకరు గీసినవి చూసి గీసినవా? రెండోదైతే కంగారు పడకు, అందరూ అక్కడే మొదలుపెడతారు. అక్కడే ఉండిపోకూడదు. కార్టూన్ సులువు అనుకుంటారు గానీ, తప్పు దాక్కోవడానికి అందులో చోటే ఉండదు. రియలిస్టిక్ ముఖంలో చర్మం గరుకూ, మచ్చలూ కొంత తప్పును కప్పేస్తాయి. నాలుగు గీతల ముఖంలో ఒక గీత పక్కకు పోతే మనిషే మారిపోతాడు. బాపు గీతలో ఎన్ని గీతలు లేవో ఒకసారి లెక్కపెట్టు. ఏవి తీసేయాలో తెలియాలంటే ముందు అన్నీ చూసి ఉండాలి.

ఒక పని చెబుతాను. జెల్డాలో నువ్వు కనిపించిన ప్రతి కుండా పగలగొట్టేస్తావుగా? ఇప్పుడు ఒక కుండ తయారుచెయ్. ఇంట్లో నీళ్ల కుండ ముందు కూర్చుని పెన్సిల్‌తో పది రోజులు పది వైపుల నుంచి గియ్యి. చెమ్మ ఎక్కడిదాకా పట్టింది, మూతి దగ్గర మట్టి ఎంత మందం, నీడ అంచు ఎక్కడ మెత్తబడింది, అన్నీ. తర్వాత బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఆ కుండనే రెండుసార్లు చెయ్. బ్లెండర్ ఉచితం, ఒక కుండకు మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఒకటి అచ్చం నిజంలా, మట్టి గరుకుతో సహా. ఇంకొకటి చదునైన రెండు మూడు రంగులతో. బ్లెండర్‌లో 'కలర్ ర్యాంప్' అని ఉంటుంది, వెలుగును మెట్లుగా కోయడానికి దాన్ని వాడతారు. రెండో కుండ మొదట ప్లాస్టిక్ బొమ్మలా వస్తుంది, కోపమొస్తుంది. అప్పుడు పొట్ట ఇంకాస్త ఉబ్బించు, మెడ సన్నబరుచు, అది కుండ అని దూరం నుంచే తెలిసేదాకా. చేర్యాల పటాలు మీ జిల్లాకు దూరమేం కాదు. చదును రంగూ, చుట్టూ ముదురు గీతా మనవాళ్లు ఎంత ధైర్యంగా వాడారో వెళ్లి చూసిరా.

రెండు కుండలనూ పక్కపక్కన పెట్టి, వాటి కింద నీ పెన్సిల్ బొమ్మలు పెట్టు. నీ పోర్ట్‌ఫోలియోలో, అంటే ఉద్యోగానికో సీటుకో చూపించే బొమ్మల పుస్తకంలో, మొదటి పేజీ అదే. ఇలాంటివి ఆరేడు ఉంటే చాలు, నలభై వద్దు. చూసేవాళ్లు నీ అత్యుత్తమమైన బొమ్మను కాదు, బలహీనమైన బొమ్మను గుర్తుపెట్టుకుంటారు.

మళ్లీ మీతో. ఇంజినీరింగా, ఇదా అని ఈరోజే తేల్చక్కర్లేదు. ఎంపీసీ మానొద్దు. డిజైన్ డిగ్రీ బీడెస్‌కు చాలాచోట్ల ఇంటర్ ఏ గ్రూపైనా సరే. ఐఐటీ హైదరాబాద్ సహా కొన్ని ఐఐటీలు యూసీడ్ పరీక్షతో సీట్లిస్తాయి. దీన్ని ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. సాధారణంగా అక్టోబరులో దరఖాస్తులు, జనవరిలో పరీక్ష. వరుసగా రెండేళ్లు, రెండు సార్లే రాయనిస్తారు. కాబట్టి మొదటిసారి సెకండియర్‌లో రాయించండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వేరే ప్రవేశ పరీక్ష ఉంది, అదీ రాయొచ్చు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో బీఎఫ్‌ఏ యానిమేషన్ ఉంది. డిజైన్ సీట్లు తక్కువ, రాకపోతే బీటెక్‌లో చేరినా దారి మూసుకుపోదు. బొమ్మా, కోడింగూ రెండూ తెలిసినవాళ్లను టెక్నికల్ ఆర్టిస్ట్ అంటారు. విండ్ వేకర్ లాంటి వెలుగును తెర మీద పుట్టించేది వాళ్లే. లెక్కలు వచ్చిన పిల్లకు అది మంచి చోటు. గేమ్ డిజైన్‌లోనే పీజీ చేయాలనుకుంటే బెంగళూరు ఎన్‌ఐడీలో డిజిటల్ గేమ్ డిజైన్ ఎండెస్ ఉంది.

లక్షల కోర్సుకు మాత్రం ఇప్పుడే డబ్బు కట్టకండి. ఆ సంస్థకు వెళ్లి ఒక్కటి అడగండి. పోయినేడాది బయటికొచ్చిన ముగ్గురు విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలు చూపించమనండి, గోడ మీద పోస్టర్లు కాదు. ముగ్గురివీ ఒకేలా ఉన్నాయంటే, అక్కడ నేర్పేది సాఫ్ట్‌వేర్ బటన్లు మాత్రమే అని అర్థం. ఈలోగా ఒక డ్రాయింగ్ టాబ్లెట్, నాలుగు స్కెచ్ పుస్తకాలు కొనివ్వండి. ఆర్నెల్ల తర్వాత ఆ పుస్తకాలు నిండాయో లేదో చూసి మళ్లీ రాయండి. అప్పుడు కోర్సు సంగతి మాట్లాడుకుందాం.