విమానం టికెట్టు కొనబోయే అల్లుడికి

తిరుపతి,
మే నెల, ఆదివారం రాత్రి

చి. అల్లుడికి మామ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మా చెల్లెలికి మోకాలి నొప్పి తగ్గిందో లేదో నువ్వు చెప్పనే లేదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ముందు అది చెప్పు.

పాప, తన ముగ్గురు స్నేహితురాళ్లు ఆగస్టులో అమెరికాకు చదువుకు పోయే విమానం టికెట్ల గురించి నిన్న నువ్వు అడిగిన మాట రాత్రంతా నా మనసులో తిరుగుతానే ఉండింది. "రాత్రి పదింటికి చూస్తే 68 వేలు ఉండె మామా. ఇంట్లో ఒక మాట అనుకుని, పాప స్నేహితురాళ్ల ఇళ్లలో కూడా మాట్లాడుకుని, పొద్దున కొందామని చూస్తే తలకు 79 వేలు. నేను చూశానని తెలుసుకునే పెంచినారు కదా? ఇది మోసం కాదా?" అన్నావు. నీ గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా వినపడింది నాకు. చదువుకు బ్యాంకులో అప్పు తెచ్చి, దాని మీద ఈ పదకొండు వేలు యాడ నుంచి తేవాలనే భయం అది. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని కూర్చుని రాస్తా ఉండా. ముప్పై ఏళ్లు తిలక్ రోడ్డులో టికెట్ల అంగడి పెట్టుకుని ఈ రేట్లతోనే సంసారం నడిపినోణ్ణి.

ముందు నీ అనుమానం తీరుస్తా. నువ్వు చూసినందుకు రేటు పెరగలేదు. ఒకే టికెట్టు కోసం రోజుకు ఇరవైసార్లు వెతికినాను నేను, వెతికినందుకు పెరగడం ఒక్కసారి కూడా నా కళ్లతో చూడలేదు. జరిగింది వేరే. అది అర్థం కావాలంటే నా అంగడిలో కంప్యూటర్ తెర మీద మేము చూసే వరుస ఒకటి నువ్వు చూడాల. ఏదో ఒక తేదీకి, ఏదో ఒక విమానానికి అడిగితే ఇట్లా వస్తుంది:

వై9 బి9 ఎం9 హెచ్6 కె2 ఎల్0 వి0

ఇవన్నీ ఒకే ఎకానమీ సీట్లు. అదే కుర్చీ, అదే భోజనం, కిటికీ కూడా అదే. కానీ కంపెనీవాళ్లు ఆ సీట్లను అమ్మకానికి ఇన్ని అక్షరాలుగా పంచుకుంటారు. మేము వీటిని క్లాసులు అంటాం, కొందరు బకెట్లు అంటారు. ఒక్కో అక్షరానికి ఒక్కో రేటు, ఒక్కో రకం నిబంధనలు. వై అంటే పూర్తి రేటు. అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ రేటు తగ్గుతుంది, తేదీ మార్చుకోవడం, వాపసు తీసుకోవడం కష్టమవుతుంది. పక్కనున్న అంకె ఆ రేటుకు ఇప్పుడు ఎన్ని సీట్లు ఇస్తారో చెప్తుంది. 9 అంటే తొమ్మిది, లేదా అంతకంటే ఎక్కువ. పైన రాసిన వరుసలో ఎల్, వి అయిపోయినాయి. కె రేటుకు రెండే మిగిలినాయి. ఆ రెండూ ఎవరన్నా తీసుకుంటే, మూడో మనిషికి హెచ్ రేటు.

ఇప్పుడు చెప్పు నాయనా. రాత్రి నువ్వు ఒక్క పాపకే చూసినావు. పొద్దున నలుగురు పిల్లలకూ కలిపి '4' అని కొట్టినావు. అవునా? కె లో రెండే ఉన్నప్పుడు నలుగురికి అడిగితే, ఇద్దరికి కె, ఇద్దరికి హెచ్ అని విడదీసి ఇవ్వదు కంప్యూటర్. నాలుగు సీట్లూ ఒకే చోట దొరికే అక్షరానికి ఎక్కి, నలుగురికీ ఆ రేటే వేస్తుంది. రాత్రికి రాత్రి ఎవరో కొనుక్కుని ఉంటే ఉండొచ్చు, కాదనను. కానీ నువ్వు చెప్పింది విన్నాక నాకు తోచింది ఇదే. ఈ ఒక్క సంగతి తెలియక పెళ్లికి పోయే పదిమందికి ఒకేసారి టికెట్లు తీసి, వేలకు వేలు ఎక్కువ కట్టినోళ్లను ఎంతమందినో చూసినా. ఎప్పుడైనా సరే ముందు ఒక్కరికి చూడు, తర్వాత ఇద్దరికి, ముగ్గురికి. రేటు యాడ ఎగురుతుందో అక్కడ తెగ్గొట్టి రెండు విడతలుగా కొను. తేడా నలుగురూ సమంగా పంచుకోండి. రెండు టికెట్ల నంబర్లూ కంపెనీకి చెప్పి పక్కపక్కన కూర్చోబెట్టమని అడగొచ్చు.

మోసం కాదా అన్నావు కాబట్టి ఇంకొంచెం చెప్తా. మదనపల్లి మార్కెట్టుకు టమాటా తెచ్చిన రైతును చూడు. అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకుపోలేడు, వచ్చిన కాడికి ఇచ్చి పోతాడు. విమానం సీటు కూడా అట్లాంటిదే, తలుపు మూసినాక ఖాళీ కుర్చీకి పైసా రాదు. అయితే టమాటా సాయంత్రానికి చవకవుతుంది, సీటు మాత్రం చివరికొచ్చేకొద్దీ ప్రియమవుతుంది. ఎందుకంటే ఆఖరి రోజు కొనేవాడు పోక తప్పనివాడు. ఆస్పత్రికి పోయేవాడు, చావుకు పోయేవాడు, కంపెనీ ఖర్చుతో మీటింగుకు పోయేవాడు. వాడు ఎంతైనా కడతాడని కంపెనీవాళ్లకు తెలుసు. అందుకే కొన్ని సీట్లు చివరిదాకా దాచిపెట్టి, మిగతావి ముందుగా కొనేవాళ్లకు తక్కువకు ఇస్తారు. అమెరికాలో 1978లో రేట్ల మీద ప్రభుత్వ అదుపు తీసేసినాక ఈ లెక్క బాగా ముదిరింది. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ కంప్యూటర్ పెట్టి, ఒకే విమానంలో కొన్ని సీట్లు మాత్రమే బాగా తగ్గించి అమ్మింది. ఆ తర్వాత అందరిదీ అదే దారి. నిరుటి విమానాలు ఎట్లా నిండినాయో చూసుకుంటారు. ఈసారి మెల్లగా నిండితే మూసిన అక్షరాన్ని మళ్లీ తెరుస్తారు. రేటు ఒక్కోసారి తగ్గేది కూడా అందుకే.

నేను అంగడి పెట్టిన కొత్తలో ఇదంతా లేదు. 1953 నాటి చట్టం ప్రకారం దేశంలోపల ప్రభుత్వ విమానాలే, దారికి ఒక రేటు. 1994లో ఆ చట్టం పోయింది. ఇప్పుడు రేటు కంపెనీవాళ్ల ఇష్టం. కరోనాకు ఆపేసినాక 2020 మే 25న దేశంలోపల విమానాలు మళ్లీ ఎగిరినప్పుడు కింద ఒక హద్దు, పైన ఒక హద్దు పెట్టినారు. 2022 ఆగస్టు 31తో అవీ తీసేసినారు. రైల్వేవాళ్లు 2016లో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో ఇట్లాంటిదే తెచ్చినారు, గుర్తుందా? పది శాతం బెర్తులు నిండినప్పుడల్లా పది శాతం పెంపు. అయినా ఒకటిన్నర రెట్లు దాటకుండా గీత గీసినారు. విమానానికి మామూలు రోజుల్లో ఆ గీత కూడా లేదు. ఉండాలని నేను అనుకుంటా. చావుకు పోయేవాడి దగ్గర నాలుగింతలు తీసుకోవడం వ్యాపారమే కావచ్చు, నాకు మాత్రం ఎప్పుడూ మనసు ఒప్పలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి నీకు చెప్పుకోవాల. చాలా ఏళ్ల కిందట వాయల్పాడు దగ్గరి పల్లె మనిషి ఒకాయన, కువైట్‌లో ఉండే తమ్ముడికి టికెట్టు కోసం నా దగ్గరికొచ్చినాడు. రంజాన్‌కు ఇంకా నెలన్నర ఉంది. ఒక వారం ఆగు, తగ్గుతుంది అన్నాను. అంతకు ముందు నెలలో రెండుసార్లు తగ్గింది, నాకు అదే తలలో ఉండింది. పండగ ముందర గల్ఫ్ నుంచి వచ్చే విమానాలు ఎట్లా నిండుతాయో నాకు తెలియనిది కాదు. వారం తర్వాత చూస్తే దాదాపు రెట్టింపు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. చేతిలో మడిచి పట్టుకున్న నోట్లు మళ్లీ ఎంచి, జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయినాడు. ఆ తమ్ముడు పండగకు రాలేదు. నా కమీషన్ వదులుకుని, పైన కొంత వేసి ఆ రోజే తీసి ఉండాల్సింది. తీయలేదు. అప్పటి నుంచి రద్దీ కాలంలో ఎవరికీ 'ఆగు' అని చెప్పలేదు నేను. నీకూ చెప్పను.

ఆగస్టు మొదటి రెండు వారాలు రద్దీ కాలమే. మన ఊళ్ల నుంచి, హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి చదువుకు పోయే పిల్లలంతా ఆ పదిహేను రోజుల్లోనే ఎక్కుతారు. అదే విమానం డిసెంబరులో ఇక్కడి నుంచి పోయేటప్పుడు అంత రద్దీగా ఉండదు, అక్కడి నుంచి వచ్చేటప్పుడు నిండిపోతుంది. కాబట్టి కాలేజీ ఎప్పుడు రమ్మందో చూసుకుని, వారం ముందుగానే పంపడానికి వీలైతే పంపండి. శుక్ర, శని, ఆదివారాలు వదిలి మంగళ, బుధవారాలు చూడు. రెండు రోజులు అటూ ఇటూ అయితే ఒక్కోసారి పది వేలు మారుతుంది.

ఇంకో సంగతి. నువ్వు తిరుపతి విమానాశ్రయం ఉండే రేణిగుంట నుంచి ఒక్కటే చూస్తా ఉండావు. మన రేణిగుంటకు తిరిగే చిన్న విమానాల్లో డెబ్బై పైచిలుకు సీట్లే. శని, ఆదివారాలు స్వామి దర్శనానికి వచ్చిపోయేవాళ్లతోనే నిండుతాయి. రేటు దూరాన్ని బట్టి ఉండదు అల్లుడూ, ఆ దారిలో ఎంతమంది పోటీ పడుతున్నారనే దాన్ని బట్టి ఉంటుంది. చిత్తూరులో ఉండడం నీ అదృష్టం. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు విమానాశ్రయం ఒక పక్క, రాణిపేట, కాంచీపురం మీదుగా చెన్నై ఇంకో పక్క. రెండింటి నుంచీ చూడు, హైదరాబాద్ నుంచీ చూడు. కారు బాడుగ, టోలు, రాత్రి బస ఖర్చు అన్నీ కలిపి కాగితం మీద వేసుకో. రెండు వేలు తగ్గిందని హైదరాబాద్ పోయి నాలుగు వేలు ఖర్చు పెట్టుకోవద్దు.

ఒకటి మాత్రం చేయొద్దు. ఇక్కడి నుంచి ఢిల్లీకి ఒక టికెట్టు, ఢిల్లీ నుంచి అమెరికాకు విడిగా ఇంకో టికెట్టు తక్కువకు వస్తుందని ఎవరన్నా చెప్తే వినొద్దు. మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్లకు సంబంధం లేదు, టికెట్టు పోయినట్టే. పెట్టెలు తీసుకుని మళ్లీ వేసుకోవాల. మొదటిసారి ఒంటరిగా పోయే ఆడపిల్లకు ఆ తిప్పలు ఎందుకు? ఊరి నుంచి ఊరికి ఒకే టికెట్టుగా తీయి. విద్యార్థులకు కొన్ని కంపెనీలు ఒక పెట్టె అదనంగా ఇస్తాయి, తేదీ మార్పుకు తక్కువ తీసుకుంటాయి. అడిగి తెలుసుకో. రెండు వేలు తక్కువని తక్కువ రేటు అక్షరం టికెట్టు కొని, పెట్టెకు విడిగా డబ్బు కడితే మొదటికే మోసం వస్తుంది.

పెట్రోలు, డాలరు సంగతి కూడా అడిగినావు. విమానాల ఇంధనం రేటు ప్రతి నెలా ఒకటో తేదీన మారుతుంది. అది జీఎస్టీలో లేదు. ఒక్కో రాష్ట్రం ఒక్కో పన్ను వేస్తుంది. విమానాలకు కట్టే బాడుగ డాలర్లలో, కాబట్టి రూపాయి పడితే ఖర్చు పెరుగుతుంది. 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు సీట్లు తగ్గినాయి, పోయే జనం తగ్గలేదు. ఇవన్నీ ఏడాదికేడాది రేటును పైకి లాగుతాయి. నీకు రాత్రికి, పొద్దునకు వచ్చిన తేడాకు మాత్రం ఇవి కారణం కాదు.

వీసా చేతికి రాకముందే వాపసు రాని టికెట్టు కొనొద్దు. తప్పదు అనుకుంటే తేదీ మార్చుకునే వీలున్నది తీసుకో, నాలుగైదు వేలు ఎక్కువైనా ఇవ్వు. ఒకవేళ రద్దు చేయాల్సి వస్తే, 'ఇది వాపసు లేని టికెట్టు' అని వాళ్లు చెప్పినా, ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయం రుసుము వెనక్కి ఇవ్వాల్సిందే. అది నిబంధన. మనవాళ్లు అడగరు, వదిలేస్తారు. నువ్వు అడుగు.

పేరు దగ్గర జాగ్రత్త. పాప పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ గడిలో ఉంది, అసలు పేరు ఏ గడిలో ఉంది చూసి, ఒక్క అక్షరం తేడా లేకుండా అదే ఎక్కించాల. సర్టిఫికెట్లలో ఉన్నట్టు, ఇంట్లో పిలిచినట్టు రాయొద్దు. మన ఇంటిపేర్లు ముందుంటాయి, కంపెనీవాళ్ల ఫారంలో ఇంటిపేరు గడి చాలాసార్లు వెనక ఉంటుంది. నా అంగడిలో ఎక్కువ కన్నీళ్లు చూసింది ఈ పేరు దగ్గరే.

గురువారం పొద్దున బస్సెక్కి వచ్చెయ్యి. నలుగురు పిల్లల పాస్‌పోర్టుల మొదటి పేజీ, కాలేజీ ఉత్తరాలు తీసుకురా. కార్డు పరిమితి సరిపోతుందో లేదో బ్యాంకులో ముందే అడుగు. నా కంప్యూటర్ ఇంకా పనిచేస్తా ఉంది. ముందు ఒక్కరికి చూద్దాం, తర్వాత ఇద్దరికి.

ఆశీస్సులతో,
మీ మామ