బాండ్స్ పేరుకు ఎదురుగా గుర్తు పెట్టే ముందు

చిరంజీవి కార్తీక్‌కు మీ పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ జర్నలిజం ఆచార్యుడు తరగతిలో అందరికీ ఒక నమూనా ఓటు పత్రం ఇచ్చి, బేస్‌బాల్ దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎవరిని ఎన్నుకుంటారో గుర్తు పెట్టమన్నారనీ, కండబలం పెంచే స్టెరాయిడ్లు వాడిన ఆటగాళ్లకు ఆ గౌరవం ఇవ్వవచ్చునా లేదా అన్నదానికి కారణాలు వ్రాయమన్నారనీ తెలిపావు. విజయవాడలో క్రికెట్ తప్ప మరొక ఆట ఎరుగకుండా పెరిగిన నీకు ఆ పత్రంలోని పేర్లన్నీ కొత్తగానే ఉంటాయి. నేను కాలిఫోర్నియాకు వచ్చింది 1989లో. మధ్యాహ్న భోజనాల దగ్గర తోటి ఉద్యోగులతో మాట కలపడానికని నేర్చుకున్న ఆట, ఉద్యోగం వదిలినా నన్ను వదలలేదు. గ్యారేజీలో రెండు అట్టపెట్టెల నిండా నా చేతి స్కోరు పుస్తకాలున్నాయి. మీ పెద్దమ్మ వాటిని పారేయమని పదేళ్లుగా అడుగుతూనే ఉంది. కాబట్టి ఈ విషయంలో నీకు నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుందనుకుంటున్నాను.

మొట్టమొదట, ఎవరి అభిప్రాయమూ చదవక ముందే, నిబంధన చదువు. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊరిలో 1939లో తెరిచిన ఆ భవనంలోకి ఆటగాళ్లను ముందుగా ఎన్నుకునేది బేస్‌బాల్ రచయితల సంఘంలో కనీసం పదేళ్లు సభ్యులుగా ఉన్న విలేకరులు. ఒక్కొక్కరు పది పేర్లకు మించకుండా గుర్తు పెట్టవచ్చు. 75 శాతం ఓట్లు వస్తేనే ప్రవేశం. పదేళ్లలో రాకపోతే ఆ పేరు పత్రం నుంచి తొలగిపోతుంది. ఆటగాడి రికార్డునూ సామర్థ్యాన్నీ మాత్రమే కాక నిజాయితీనీ, క్రీడాస్ఫూర్తినీ, శీలాన్నీ కూడా చూడాలని నిబంధన చెబుతుంది. ఈ వివాదమంతా ఆ మూడు మాటల చుట్టూ తిరుగుతున్నదే. బంతికి ఉమ్మి, జిడ్డు పూసి విసిరినట్టు ఆడుతున్న రోజుల్లోనే తన ఆత్మకథలో ఒప్పుకున్న గేలార్డ్ పెర్రీ 1991లో హాల్‌లో చేరాడన్న సంగతి నీకు ఎవరో ఒకరు చెప్పే తీరుతారు. దానిని ఉదహరించు, తప్పులేదు. కానీ 'అందరూ దొంగలే, వీళ్లనూ రానివ్వండి' అన్న వాదనకు మాత్రం దిగకు. ఒక తప్పును చూసీ చూడనట్టు వదిలేసినంత మాత్రాన రెండో తప్పు ఒప్పు కాదని మీ ఆచార్యుడు ఎర్ర సిరాతో వ్రాస్తారు, ఆయన వ్రాయడం న్యాయమే.

తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని కాలక్రమం వ్రాసుకో. 1990లలో స్టెరాయిడ్లకు నిషేధమే లేదని నీ తోటివాళ్లు అంటే అది సగం నిజం మాత్రమే. వైద్యుడి చీటీ లేకుండా వాటిని దగ్గర ఉంచుకోవడాన్ని నేరంగా మార్చిన సమాఖ్య చట్టాన్ని 1990లో చేశారు. నిషిద్ధ మందుల్లో స్టెరాయిడ్లూ ఉన్నాయని 1991 జూన్‌లో బేస్‌బాల్ వ్యవహారాలు నడిపే కమిషనర్ ఫే విన్సెంట్ జట్లకు లేఖ పంపారు. కానీ ఆటగాళ్ల సంఘం ఒప్పుకోకుండా పరీక్షలు జరపడానికి వీల్లేదు, ఆ ఒప్పందం కుదరనే లేదు. సంఘం అండ లేని మైనర్ లీగ్ (కింది మెట్టు పోటీలు) కుర్రాళ్లకు 2001లోనే పరీక్షలు మొదలయ్యాయి గాని, అగ్రశ్రేణి మేజర్ లీగ్‌లో 2003లో జరిగింది పేర్లు బయటపెట్టకుండా చేసిన సర్వే పరీక్ష మాత్రమే. పట్టుబడిన వారి శాతం అయిదు దాటడంతో 2004 నుంచి అసలైన పరీక్షలు వచ్చాయి. మ్యాచ్‌ల నుంచి సస్పెండ్ చేయడం 2005లోనూ, మొదటి తప్పుకే యాభై మ్యాచ్‌ల శిక్ష 2006లోనూ మొదలయ్యాయి. చట్టం ఉంది, లేఖ ఉంది, తనిఖీ మాత్రం లేదు. మన ఊళ్లో హెల్మెట్ నిబంధన ఎలా నడిచిందో నీకు తెలుసు కాబట్టి దీనిని అర్థం చేసుకోవడం నీకు కష్టం కాదు. నా తీర్పు అంతా ఈ కాలక్రమం మీదనే ఆధారపడి ఉంది, అందుకే ఇంత విడమరచి చెప్పాను.

ఇక మందుల వివాదంలో చిక్కిన పేరుమోసిన ఆటగాళ్ల మీద సాక్ష్యం సంగతి. మార్క్ మెగ్వైర్ 2010 జనవరిలో తానే ఒప్పుకున్నాడు. రఫేల్ పల్మేరో 2005 మార్చిలో కాంగ్రెస్ కమిటీ ముందు వేలు చూపిస్తూ తానెన్నడూ వాడలేదని చెప్పి, పరీక్షలో దొరికినందుకు అదే ఏడాది ఆగస్టులో సస్పెండయ్యాడు. అలెక్స్ రోడ్రిగెజ్ 2001 నుంచి 2003 వరకు వాడినట్టు 2009లో ఒప్పుకుని, మళ్లీ మరో వ్యవహారంలో చిక్కి 2014 సీజన్ మొత్తం సస్పెన్షన్‌లో గడిపాడు. మానీ రమీరెజ్ రెండుసార్లు దొరికాడు. ఇవన్నీ గట్టి సాక్ష్యాలు. రోజర్ క్లెమెన్స్ విషయం వేరు. ఆయన శిక్షకుడు చెప్పిన మాటల ఆధారంగా, బేస్‌బాల్‌లో మందుల వాడకం మీద మాజీ సెనేటర్ మిచెల్ 2007లో ఇచ్చిన నివేదికలో పేరు వచ్చింది, ఆయన ఖండించాడు, అబద్ధపు సాక్ష్యం కేసులో 2012లో జ్యూరీ ఆయనను నిర్దోషిగా తేల్చింది. హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) అందరికంటే ఎక్కువ కొట్టిన బ్యారీ బాండ్స్, క్రీడాకారులకు మందులు అందించిన బాల్కో సంస్థ నుంచి వచ్చిన క్రీమును పూసుకున్నానని గ్రాండ్ జ్యూరీకి చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. అది స్టెరాయిడ్ అని మాత్రం తనకు తెలియదన్నాడు. న్యాయానికి అడ్డుపడ్డాడని 2011లో పడిన శిక్ష 2015లో అప్పీలులో రద్దయింది. వీళ్లందరినీ ఒకే గాటన కట్టి వ్రాస్తే నీ వ్యాసం అక్కడే చతికిలబడుతుంది. మిచెల్ నివేదికలో 89 మంది ఆటగాళ్ల పేర్లున్నాయి గాని అది న్యాయస్థానం తీర్పు కాదు. కండలు పెరిగాయన్న అనుమానం ఒక్కటే ఆధారంగా మైక్ పియాజానూ, జెఫ్ బ్యాగ్‌వెల్‌నూ కొందరు ఓటర్లు ఏళ్ల తరబడి బయట నిలబెట్టారు. చివరికి 2016లో ఒకరు, 2017లో మరొకరు లోపలికి వెళ్లారు. అనుమానంతో ఓటు వేయడం మాత్రం నీవు చేయకు.

బాండ్స్ వైపు వాదించేవాళ్లు తప్పకుండా వాడే ఒక తర్కం ఉంది, నాకూ మొదట్లో అది ఎంతో నచ్చింది. 1998 చివరికే ఆయనకు 411 హోమ్ రన్లు, 445 దొంగిలించిన బేస్‌లు (ఎదుటి జట్టు కన్నుగప్పి పరుగెత్తి తదుపరి బేస్ చేరుకోవడం), మూడుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి ఉన్నాయి. మందులు మొదలయ్యాయని చెప్పేది ఆ తర్వాతే కాబట్టి, అప్పటికే హాల్‌కు అర్హుడంటారు. హంస పాలనూ నీళ్లనూ వేరు చేస్తుందని చిన్నప్పుడు చదువుకున్నాం గాని, ఆ పని చేయగల ఓటరు నాకు ఇంతవరకు కనబడలేదు. ఎప్పుడు మొదలైందో తేదీ వేసి చెప్పగలిగినవాళ్లు లేనప్పుడు, సగం జీవితానికి మాల వేసి సగానికి చీపురు కట్ట చూపడం ఎలా కుదురుతుంది? ఓటు వేస్తే మొత్తం మనిషికి వెయ్యి, లేకపోతే మానుకో.

నా సంగతి కూడా దాచకుండా చెబుతాను. 2001 అక్టోబరు 5 రాత్రి మీ అన్నయ్యను వెంటబెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో స్టేడియంలో పైవరుసలో కూర్చుని ఉన్నాను. మొదటి ఇన్నింగ్స్‌లో బాండ్స్ ఆ సీజన్‌లో తన 71వ హోమ్ రన్ కొట్టి, ఒక సీజన్‌లో 70 అన్న మెగ్వైర్ రికార్డును దాటాడు, మూడో ఇన్నింగ్స్‌లో 72వది కొట్టాడు. అయినా ఆయన జట్టు జెయింట్స్ 11-10తో ఓడి, సీజన్ చివరి ప్లేఆఫ్స్ పోటీలకు చేరే ఆశ వదులుకుంది. పన్నెండేళ్ల పిల్లవాడు బొంగురుపోయే దాకా అరిచాడు, నేనూ అరిచాను. ఆ రాత్రి నేను మోసపోయానా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నిజం చెప్పాలంటే, అనుమానం అప్పటికే మాలో చాలామందికి ఉంది, చూడదలచుకోలేదు, అంతే.

చూడదలచుకోని వారిలో నీవు చేరబోయే వృత్తివారూ ఉన్నారు, కాబట్టి ఈ భాగాన్ని శ్రద్ధగా చదువు. 1994లో ఆటగాళ్ల సమ్మె కారణంగా, ఏటా విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ రద్దయ్యాక జనం ఈ ఆటకు దూరమయ్యారు. 1998 వేసవిలో మెగ్వైర్ 70, సామీ సోసా 66 హోమ్ రన్లు కొట్టి, రోజర్ మారిస్ పేరిట 1961 నుంచి నిలిచిన 61 రికార్డును దాటినప్పుడు ఆ జనం తిరిగి వచ్చారు. ఆ ఆగస్టులోనే అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి స్టీవ్ విల్‌స్టీన్ మెగ్వైర్ లాకర్‌లో కండబలం కోసం వాడే ఆండ్రోస్టీన్‌డయోన్ సీసా ఉన్నట్టు గమనించి వార్త రాశాడు. ఆ మందు అప్పటికి దుకాణాల్లో దొరికేదే, బేస్‌బాల్‌లో నిషిద్ధం కాదు. ఒలింపిక్స్‌లో మాత్రం నిషిద్ధం. తిట్లు పడింది సీసా పెట్టుకున్నవాడికి కాదు, దానిని చూసినవాడికి. ఇతరుల లాకర్లలోకి తొంగిచూస్తాడా అని తోటి విలేకరులే కొందరు విసుక్కున్నారు. జట్టు మేనేజర్ టోనీ లరూసా ఆ వార్తాసంస్థ మీద మండిపడ్డారు. ఆ లరూసా 2014లో హాల్‌లో చేరారు. ఆ ఏళ్లన్నిటా కమిషనర్ కుర్చీలో ఉన్న బడ్ సెలిగ్ 2017లో చేరారు. సెలిగ్‌ను లోపలికి పంపాక బాండ్స్‌కు తలుపు వేసి ఉంచడం తమకు మనస్కరించదని కొందరు ఓటర్లు అప్పుడే పక్షం మార్చుకున్నారు. నన్ను మార్చిందీ అదే. దుకాణం నడిపి లాభం తీసుకున్న యజమానికి సన్మానం చేసి, గుమాస్తాను మాత్రం కల్తీ చేశాడని వెలివేసే పద్ధతి నాకు మింగుడుపడలేదు.

అయినా ఎదుటి పక్షాన్ని తక్కువ చేసి వ్రాయకు. 2017 నవంబరులో హాల్ ఉపాధ్యక్షుడు జో మోర్గాన్, తానూ అక్కడ ఫలకం ఉన్న గొప్ప ఆటగాడే, ఓటర్లందరికీ లేఖ పంపి, స్టెరాయిడ్లు వాడినవాళ్లకు ఇక్కడ చోటు లేదని వేడుకున్నారు. ఆ లేఖను పూర్తిగా చదివి, దానిలోని బలమైన వాదనకే సమాధానం చెప్పు. నా దృష్టిలో అన్నిటికంటే బలమైన అభ్యంతరం రికార్డులకు సంబంధించింది కాదు. హాంక్ ఆరన్ జీవితకాలపు 755 హోమ్ రన్లను బాండ్స్ 762తో దాటినందుకు ఆరన్ గౌరవం ఏమీ తరగలేదు. నష్టపోయింది పేరు కూడా ఎవరికీ తెలియని ఇరవై ఆరేళ్ల మైనర్ లీగ్ ఆటగాడు. సూది వేసుకోనన్నందుకు ఒక మెట్టు కింద ఆగిపోయి, పక్కవాడు వేసుకుని పైకి వెళుతుంటే చూసి, చివరికి ఊరికి తిరిగిపోయి ఏ గోదాములోనో పనికి కుదిరినవాడు. అతని తరఫున ఓటు వేసేవారు లేరు. నా వాదనకు ఇక్కడ సరైన జవాబు లేదని ఒప్పుకుంటున్నాను. నీకు దొరికితే నాకు వ్రాయి.

మన క్రికెట్ పోలిక తేవాలని నీకు తప్పక అనిపిస్తుంది. షేన్ వార్న్ 2003లో నిషిద్ధ డైయూరెటిక్ (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే) మాత్ర వల్ల ఏడాది ఆటకు దూరమయ్యాడు, 2013లో ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. ఒక్క వాక్యానికి మించి వ్రాయకు. ఒక్క మాత్రకూ ఏళ్ల తరబడి వాడకానికీ పోలిక నిలవదు.

ఓటర్ల తడబాటుకు మాత్రం ఒక పేరా కేటాయించు. 2022లో బాండ్స్‌కు అది పదో ఏడు, ఆఖరి అవకాశం. 394 పత్రాల్లో 260 ఓట్లు, అంటే 66 శాతం. క్లెమెన్స్‌కు 65.2. అదే పత్రంలో మొదటిసారి నిలబడిన డేవిడ్ ఒర్టీజ్ 77.9 శాతంతో నెగ్గాడు. 2003 సర్వే పరీక్షల జాబితాలో ఒర్టీజ్ పేరు ఉందని 2009లో పత్రికల్లో వచ్చింది. ఆ జాబితాలోని కొన్ని ఫలితాలు నమ్మదగినవి కావని 2016లో కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ అన్నారు. అసలైన పరీక్షలు మొదలయ్యాక ఒర్టీజ్ ఏ పరీక్షలోనూ దొరకలేదు. ఒర్టీజ్‌కు ఓటు వేయడం తప్పని నేననను. ఆయన అందరినీ నవ్వించేవాడు, బాండ్స్ విలేకరులను కసురుకునేవాడు. ఆ తేడా లెక్కలోకి రాలేదంటే మాత్రం నమ్మను. ఆ తర్వాత, విలేకరుల ఓటులో నెగ్గనివారిని మళ్లీ పరిశీలించే పదహారుమంది సభ్యుల కమిటీ ముందుకు బాండ్స్, క్లెమెన్స్ రెండుసార్లు వెళ్లారు. 2025 డిసెంబరులో వాళ్లకు అయిదు ఓట్లైనా రాలేదు. ఆ రోజు నెగ్గినవాడు జెఫ్ కెంట్, జెయింట్స్‌లో బాండ్స్ పక్కనే ఆడి, 2002లో డగౌట్‌లో బాండ్స్‌తో కలబడినవాడు! కథ అల్లినా ఇంత బాగా కుదరదు.

నా పత్రం ఎలా ఉంటుందని అడిగావు. బాండ్స్‌కూ క్లెమెన్స్‌కూ గుర్తు పెడతాను. శిక్షతో కూడిన పరీక్షలు వచ్చాక కూడా దొరికిన రోడ్రిగెజ్‌కూ, రమీరెజ్‌కూ, పల్మేరోకూ పెట్టను. కాపలాదారు వచ్చి నిలబడ్డాక కూడా గోడ దూకినవాడు, తలుపు బార్లా తెరిచి ఉన్నప్పుడు లోపలికి నడిచినవాడితో సమానం కాడు. మెగ్వైర్‌కు కూడా పెట్టను, దానికి కారణం మందులు కాదు. హోమ్ రన్లు తీసేస్తే ఆయన ఆటలో నాకు కనబడేది తక్కువ. నీవు నాతో ఏకీభవించనవసరం లేదు. నీ గీత ఎక్కడ గీశావో, ఎందుకు అక్కడే గీశావో మాత్రం మొదటి పేరాలోనే చెప్పు, చివరిదాకా పాఠకుడిని ఊరించకు.

ఆఖరుగా ఒక చిన్న పని చెబుతాను. నీవు ఓటు వేసిన ప్రతి పేరుకూ, కూపర్స్‌టౌన్ గోడ మీది కాంస్య ఫలకం మీద చెక్కినట్టుగా అయిదారు పంక్తులు వ్రాసి చూడు. బాండ్స్‌కు నేను వ్రాసుకున్నది ఇది: "762 హోమ్ రన్లు, 2001లో 73. ఏడుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడు. బంతి విసిరే పిచ్చర్లు భయపడి, కొట్టే అవకాశమే ఇవ్వకుండా 2004లో 120 సార్లు ఉద్దేశపూర్వకంగా మొదటి బేస్‌కు నడవనిచ్చారు. పరీక్షలు లేని కాలంలో మందులు వాడాడన్న ఆరోపణ వెంట నడిచింది, తెలిసి వాడలేదన్నాడు." ఆ చివరి వాక్యం కుదరడానికి నాకు రెండు రోజులు పట్టింది. బాండ్స్ కొట్టిన 756వ బంతిని కొన్న ఒక వ్యాపారి, జనం ఓటు ప్రకారం దాని మీద, రికార్డు మీద సందేహం ఉందని సూచించే నక్షత్రపు గుర్తు వేయించి హాల్‌కే ఇచ్చాడు. బంతి ఆ భవనంలోకి చేరింది, కొట్టినవాడు బయటే ఉన్నాడు. సెలవుల్లో ఇటు వస్తే గ్యారేజీలోని 2001 పుస్తకం తీసి చూపిస్తాను. పత్రం సమర్పించే ముందు నాకొక ప్రతి పంపించు. రోడ్రిగెజ్ విషయంలో నీవు నన్ను తప్పుపడతావని నా అనుమానం, ఆ వాదన వినాలని ఉంది.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న