కట్టని భవనంలో జనాన్ని నడిపించే చదువు: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం చదువుతోంది. భవనం కట్టకముందే అందులో జనం ఎలా తిరుగుతారో, ఎక్కడ కిక్కిరిసిపోతారో కంప్యూటర్‌లో చూపించే సిమ్యులేషన్‌లో పీజీ చేస్తానంటోంది. మావారేమో ఆరు నెలల డిజిటల్ ట్విన్ (భవనానికి కంప్యూటర్‌లో నకలు తయారుచేయడం) సర్టిఫికెట్ చాలు, వెంటనే ఉద్యోగం వస్తుంది అంటున్నారు. ఏది మంచిది? ఏఐ వచ్చాక అసలు ఈ పని ఉంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, కోర్సు పేర్లు మారుతుంటాయి గానీ ఇలాంటి ఉత్తరాల్లో భయం ఒక్కటే. పిల్ల ఎవరికీ తెలియని దారి పట్టి రేపు ఖాళీగా కూర్చుంటుందేమోనని. ముందు దాని సంగతి చెబుతాను. మీ అమ్మాయి చేతిలో ఆర్కిటెక్చర్ డిగ్రీ ఉంటుంది. ఈ రంగం నచ్చకపోయినా, ఇందులో పని దొరకడం ఆలస్యమైనా ఆ డిగ్రీ ఎక్కడికీ పోదు. కాబట్టి కొంచెం స్థిమితపడండి.

ఇది నిన్నగాక మొన్న పుట్టిన రంగమూ కాదు. నడిచేవారికి ఎంత చోటు ఉంటే ఎంత ఇబ్బందో అమెరికా ఇంజినీర్ జాన్ ఫ్రూయిన్ 1971లోనే స్థాయిలుగా విడదీసి చెప్పారు. జనం ఒకరినొకరు తప్పుకుంటూ నడిచే తీరును డిర్క్ హెల్బింగ్, పీటర్ మోల్నార్ అనే పరిశోధకులు 1995లో లెక్కల్లోకి తెచ్చారు. రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలు, స్టేడియాల డిజైన్‌లో, అగ్నిప్రమాదం జరిగితే జనాన్ని బయటికి పంపే ఏర్పాట్లలో ఈ పని ఎప్పటినుంచో ఉంది.

నాకు అనుమానమల్లా మీవారు చెబుతున్న సర్టిఫికెట్ మీదే. ఇలాంటి పొట్టి కోర్సుల్లో ఎక్కువగా నేర్పేది సాఫ్ట్‌వేర్ వాడకం. ప్లాన్ ఎక్కించడం, బొమ్మ మనుషులను వదలడం, రద్దీ ఉన్నచోట ఎర్రరంగు రప్పించడం. ఆ ఎర్రరంగును ఎంతవరకు నమ్మవచ్చో చెప్పడమే అసలు విద్య. ఒక హాలుకు ఒకే వెడల్పున్న రెండు తలుపులు ఉన్నాయనుకోండి. దగ్గరి తలుపుకే వెళ్లమని నియమం పెడితే బొమ్మలు చక్కగా రెండుగా చీలి బయటపడతాయి. అసలు మనుషులు అలా చేయరు. చాలామంది తాము లోపలికి వచ్చిన తలుపు వైపే పోతారు. బిడ్డ కనిపించని తల్లి జనానికి ఎదురుగా వెనక్కి పరుగెడుతుంది. 1973లో బ్రిటన్ పక్కనున్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని సమ్మర్‌లాండ్ అనే వినోద కేంద్రం తగలబడి 50 మంది చనిపోయారు. ఆ ప్రమాదాన్ని పరిశీలించిన పరిశోధకుడు జోనథన్ సైమ్, ఆపదలో మనుషులు తెలిసిన దారికీ, తమవాళ్ల దగ్గరికీ వెళ్తారని 1985లో రాశారు. ఈ సంగతి తెలియకుండా గీసిన సిమ్యులేషన్ ఎంత అందంగా ఉన్నా ప్రమాదమే.

గొప్ప ఇంజినీర్లకు కూడా ఇది ఒక పట్టాన అందలేదు. లండన్‌లో నడిచేవాళ్ల కోసం కట్టిన మిలీనియం బ్రిడ్జిని 2000 జూన్ 10న తెరిచి రెండు రోజుల్లోనే మూసేశారు. వంతెన కాస్త పక్కకు ఊగగానే జనం తెలియకుండానే ఆ ఊపుకు తగ్గట్టు అడుగులు వేశారు. దాంతో ఊపు ఇంకా పెరిగింది. సరిచేసి మళ్లీ తెరిచేసరికి 2002 వచ్చింది.

ఇక ఏఐ. బొమ్మలను నడిపించే పని రానురాను తేలికవుతుంది, నిజమే. ఆ దెబ్బ ముందు తగిలేది బటన్లు నొక్కడం మాత్రమే నేర్చుకున్నవాళ్లకు. జనాన్ని గమనించి, లెక్క తప్పితే పట్టుకోగలిగిన మనిషి అవసరం ఉంటూనే ఉంటుంది.

అలాగని పీజీ అన్న పేరు చూసి మురిసిపోవద్దు. సిలబస్‌లో గణాంకాలు, ప్రోగ్రామింగ్, మనుషులను స్వయంగా పరిశీలించే ఫీల్డ్‌వర్క్ ఉన్నాయా, సిమ్యులేషన్ ఫలితాన్ని అసలు కొలతలతో సరిచూడటం నేర్పుతారా అని అడగండి. ఇవి లేకపోతే అదీ పొడుగాటి సర్టిఫికెట్ కోర్సే. ఒక మాట దాచను. అచ్చంగా ఈ పని మీదే ఉండే ఉద్యోగాలు తక్కువ, అవీ ఎక్కువగా పెద్ద ఇంజినీరింగ్ సంస్థల్లో ఉంటాయి. అందుకే మామూలు డిజైన్ పని చేయి జారకుండా చూసుకోమనండి.

ఒక విషయంలో మాత్రం మీ మీద కోపం వచ్చింది. ఉత్తరంలో మీ భయం ఉంది, మీవారి తీర్పు ఉంది. అమ్మాయికి ఈ చదువు ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు. నాలుగేళ్లు ఆర్కిటెక్చర్ చదివిన పిల్ల తనకేం కావాలో చెబుతుంటే ఒక్కసారి కూర్చుని వినలేదా?

ఈ పూట ఆమెనే అడగండి. జుపెడ్‌సిమ్, వాడేర్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. కాలేజీ లైబ్రరీ గుమ్మం దగ్గర ఒక గంట నిలబడి ఎంతమంది వస్తున్నారో, ఎక్కడ ఆగుతున్నారో రాసుకుని, అదే గుమ్మాన్ని కంప్యూటర్‌లో నడిపి చూడమనండి. రెండూ కలవవు. ఎందుకు కలవలేదో తేల్చడానికి ఆమె మళ్లీ ఆ గుమ్మం దగ్గరికి వెళ్తే పీజీ దరఖాస్తులు నింపించండి. విసుగొస్తే డిజైన్‌లోనే కొనసాగనివ్వండి. ఈలోపు ఆ సర్టిఫికెట్ కోర్సుకు మాత్రం ఫీజు కట్టకండి.