వీగన్ అవ్వాలంటే ముందు మానాల్సింది మాంసమా, పాలా?

"వీగన్‌గా మారితే ఒంటికి మంచిదేనా? జంతువులకీ పర్యావరణానికీ నిజంగా ఏమైనా ఒరుగుతుందా, లేక ఇదంతా సిటీవాళ్ళ ఫ్యాషనా?" అని అడిగారు. నేను సిటీలోనే ఉంటాను గానీ, మాంసం, గుడ్లు, పాలు అన్నీ మానేసి వీగన్ అయ్యింది ఫ్యాషన్ కోసం కాదు. కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టండి.

మాంసం మానేసినప్పుడు చుట్టాలందరూ "మంచి పని చేశావమ్మా" అన్నారు. ఆ తర్వాత పెరుగు కూడా వద్దన్నాను. అంతే, "ఒంట్లో బాగోలేదా?" అని ఒకరు, "ఏదైనా మొక్కుకున్నావా?" అని ఇంకొకరు. మా పెద్దొదిన అయితే మా ఆయన్ని పక్కకి పిలిచి మరీ అడిగింది, ఇంట్లో అంతా సవ్యంగానే ఉందా అని. తెలుగు రాష్ట్రాల్లో నూటికి 98 మంది మాంసం తింటారు. తినకపోతే గౌరవం కూడా ఇస్తారు. పాలు వద్దంటే మాత్రం ఎవరికీ మింగుడుపడదు. నా ఉద్దేశంలో మన దగ్గర జంతువుల సంగతి మాట్లాడాలంటే మొదలుపెట్టాల్సింది కోడి దగ్గరా మేక దగ్గరా కాదు, గేదె దగ్గర.

మా పుట్టిల్లు గుడివాడ దగ్గర. పాడి ఇల్లు. తెల్లారకుండానే అమ్మ లేచి తవుడూ చెక్కా కలిపి కుడితి పెట్టేది. దూడ పలుపు విప్పే పని నాది. విప్పగానే అది పరుగున పోయి పొదుగులో తలతో కుమ్మేది. రెండు నిమిషాల్లో గేదె చేపేది, దూడ మూతి నిండా నురగ. సరిగ్గా అప్పుడే దాన్ని లాగేసి తల్లి ముందున్న రాటకి కట్టేయాలి. తల్లి దాన్ని నాకుతూ ఉంటే అమ్మ పాలు పితికేది. పుట్టింది పెయ్య అయితే ఒక చన్ను దానికి వదిలేసేది. దున్నదూడ అయితే వట్టి పొదుగే, అందులో ఎంతొస్తే అంత.

అమ్మ చెడ్డ మనిషి కాదు. పాల కేంద్రంలో వెన్న శాతం చూసి డబ్బులిచ్చేవారు. ఆఖరి ధారల్లోనే వెన్న ఎక్కువ. అవి దూడ తాగితే ఆ మేరకు నష్టం. పెయ్య అయితే నాలుగేళ్ళకి ఈని పాలిస్తుంది. దున్న ఏమిస్తుంది? మా తాతయ్య రోజుల్లో మడి తొక్కించడానికీ బండి కట్టడానికీ పనికొచ్చేది. ట్రాక్టరొచ్చాక దానికి ఊళ్ళో పనే లేదు.

ఒకసారి అలాంటి దూడే ఒకటి చిక్కిచిక్కి పోయింది. పొద్దున చూస్తే పక్కకి ఒరిగిపోయి ఉంది. గేదె అరుస్తూనే ఉంది, మేత ముట్టలేదు, పాలు చేపలేదు. నాన్న ఎవరినో పిలిపించి దూడ తోలు ఒలిపించాడు. లోపల ఎండుగడ్డి కూరి, కాళ్ళకి కర్రపుల్లలు పెట్టి, గోనెసంచి కుట్టే దారంతో కడుపు కుట్టించాడు. ఉప్పునీళ్ళు చిలకరించి తల్లి ముందు నిలబెట్టారు. అది వాసన చూసింది, నాకడం మొదలెట్టింది, చేపింది. అమ్మ పితుక్కుంది. ఆ ఈతంతా అదే పద్ధతి. పాలయిపోయాక ఆ బొమ్మని తీసుకెళ్ళి చూరుకింద పెట్టే పని కూడా నాకే అప్పజెప్పారు. రోజురోజుకీ గడ్డి బయటికొచ్చేది, నేనే వేలితో లోపలికి తోసేదాన్ని.

పల్లెటూళ్ళో పుట్టినవాళ్ళలో చాలామందికి ఇది తెలిసిందే. తర్వాత తర్వాత ఆ బొమ్మల అవసరం కూడా లేకుండా, పాలు చేపించే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ సూదులొచ్చాయి. సూది వేస్తే దూడ ఉన్నా లేకపోయినా చేపుతుంది.

ఇదేదో మా ఊరి ముచ్చట అనుకుంటారేమో, 2019 పశుగణన లెక్క చూడండి. దేశంలో గేదెలూ దున్నలూ కలిపి 11 కోట్లు. అందులో మగవి కోటికి లోపే. పుట్టేటప్పుడు ఆడామగా సమానంగానే పుడతాయి కదా, మిగతావన్నీ ఏమైనట్టు? కొన్ని ఆకలికి పోతాయి, కొన్ని బేరగాడి వ్యాన్ ఎక్కుతాయి. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పాలు తీసే దేశం మనదే. గేదె మాంసం ఎగుమతిలో ముందు వరుసలో ఉన్నదీ మనదే. ఈ రెండూ వేరువేరు వ్యాపారాలు కావు, ఒకే కొట్టానికి రెండు గుమ్మాలు. "మేం శాకాహారులం, జీవహింస చేయం" అంటూ గడ్డపెరుగు కలుపుకునేవాళ్ళతో నా పేచీ అంతా ఇక్కడే. మాంసం తినేవాడికి తను తినేదేంటో కనీసం తెలుసు. ఇప్పుడు పెయ్యలే పుట్టేలా వీర్యాన్ని వేరుచేసి సబ్సిడీ మీద ఇస్తున్నారు, అది కొంత నయం. కానీ ఒట్టిపోయిన గేదె వెళ్ళే దారి అలాగే ఉంది.

కోడిగుడ్ల సంగతీ అంతే. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశే దేశంలో మొదటిది. గుడ్లు పెట్టని మగ కోడిపిల్లల్ని హేచరీలో పుట్టిన రోజే ఏరి చంపేస్తారు. దాని గురించి ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

ఇక ఆరోగ్యం. వీగన్ అయితే షుగర్ పోతుంది, కీళ్ళనొప్పులు పోతాయి, మొహం వెలిగిపోతుంది అని వీడియోలు చేసేవాళ్ళని నమ్మకండి. పళ్ళెం నిండా తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు, ఆవకాయ, రెండు అప్పడాలు. ఇది పక్కా వీగన్ భోజనమే, షుగర్ తెచ్చుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. నాకు షుగర్ అదుపులోకి వచ్చింది, నిజమే. అది పాలు మానడం వల్ల కాదు, అన్నం సగం చేసి పప్పు రెట్టింపు చేయడం వల్లేనని నా గట్టి నమ్మకం.

బ్రిటన్‌లో వేలమందిని ఏళ్ళ తరబడి గమనించిన ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం ఒకటుంది. శాకాహారుల్లో గుండెజబ్బు మాంసాహారుల కంటే 22 శాతం తక్కువని 2019లో తేల్చారు, పక్షవాతం మాత్రం 20 శాతం ఎక్కువట. వీగన్లకి ఎముకలు విరగడం ఎక్కువని 2020లో చెప్పారు. ఒళ్ళు మరీ సన్నబడటం, కాల్షియం, ప్రొటీన్ తగ్గడం అందుకు కొంత కారణమన్నారు. కాబట్టి తినడం తెలియాలి. కాల్షియం కోసం పాలే తాగక్కర్లేదు. నూరు గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అదే నూరు గ్రాముల పాలలో 120. నువ్వుల్లో ఇంకా ఎక్కువ. మా అమ్మమ్మ వాళ్ళు రాగిజావ, నువ్వులపొడి, తెలగపిండి కూర, అవిసాకు తిన్నది డబ్బుల్లేక. ఇప్పుడు అదే రాగిజావకి హోటల్లో రెండొందలు పుచ్చుకుంటున్నారు.

బి12 విటమిన్ ఒక్కదానికి మాత్రం మాత్ర వేసుకోవాల్సిందే. అది చేసేది బ్యాక్టీరియా, మొక్కల్లో దొరకదు. చద్దన్నంలో ఉంది, స్పిరులినా అనే నాచు పొడిలో ఉంది అని వాట్సాప్‌లో తిరిగే కబుర్లు నమ్ముకుంటే కాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి. స్పిరులినాలో ఉన్నది చాలావరకు మన ఒంటికి పనికిరాని రకం. ఆ మాటకొస్తే, మా మామగారు పుట్టు శాకాహారి. పెరుగు లేనిదే ఆయనకి ముద్ద దిగదు. ఆయనకే బి12 అడుగంటింది, వారం వారం సూదులు వేయించుకున్నారు. నాకు బాగానే ఉంది. మాత్ర వేసుకునేది నేను కదా.

పర్యావరణం దగ్గరికొస్తే, 2018లో 'సైన్స్' పత్రికలో పూర్, నెమెచెక్ అనే ఇద్దరు ప్రపంచమంతటి పొలాల లెక్కలు తీశారు. లీటరు పాలకి భూమిని వేడెక్కించే వాయువులు కార్బన్ డయాక్సైడ్ లెక్కన మూడు కిలోలకి పైగా, నీళ్ళు 600 లీటర్లకి పైగా. సోయాపాలకైతే వాయువులు సుమారు ఒక కిలో. "మన గేదెలు తినేది గడ్డీ తవుడే కదా, అమెరికా ఆవుల్లా మొక్కజొన్న కాదుగా" అంటారు. నిజమే. కానీ నెమరువేసి తేన్చే ప్రతి పశువూ ఆ వాయువుల్లో ఒకటైన మీథేన్ వదులుతుంది. తక్కువ పాలిచ్చే పశువైతే లీటరు లెక్కన ఇంకా ఎక్కువ పడుతుంది.

అయితే ఈ లెక్క చెప్పే వీగన్లు వరి మాట ఎత్తరు. నీళ్ళు నిలిచిన మడిలోనూ మీథేన్ పుడుతుంది. అదే అధ్యయనం ప్రకారం, అదే కార్బన్ డయాక్సైడ్ లెక్కన, కిలో బియ్యానికి వాయువులు నాలుగు కిలోల పైనే. పాలు మానేసి ఆ చోట ఇంకో రెండు గరిటెలు అన్నం పెట్టుకునేవాడు భూమిని ఉద్ధరిస్తున్నానని చెప్పుకుంటే నాకు నవ్వొస్తుంది. కొర్రలు, జొన్నలు, కందులు తినమనండి, అప్పుడు ఒప్పుకుంటాను.

అన్నట్టు, బాదంపాల డబ్బా కొనకండి. లీటరు రెండొందల పైమాటే, ప్రొటీన్ నామమాత్రం. ప్రొటీన్‌లో ఆవుపాలకి దీటుగా నిలిచేది సోయాపాలే. పెరుగుకి నేను వేరుశనగపప్పు వాడతాను. రాత్రి నానబెట్టి, పొద్దున తొక్క తీసి మెత్తగా రుబ్బి, గుడ్డలో వడకట్టి, కాచి, గోరువెచ్చగా అయ్యాక నాలుగు పచ్చిమిరపకాయల తొడిమెలు వేసి మూత పెట్టాలి. ఎండాకాలం ఒక పూటకే తోడుకుంటుంది, తర్వాత్నుంచి దాన్నే తోడుగా వాడొచ్చు. గడ్డపెరుగంత గట్టిగా రాదు, ఓ మూల వేరుశనగ వాసనా ఉంటుంది. మజ్జిగ చేసి అల్లం, కరివేపాకు వేసి తాలింపు పెడితే ఆ వాసన తెలీదు. మా అత్తయ్య మొదట్లో ఆ గిన్నెని ఫ్రిజ్‌లో పెట్టనిచ్చేది కాదు, ఇప్పుడు మజ్జిగపులుసుకి తనే అడుగుతోంది.

ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు, పెళ్ళిళ్ళలోనే చావు. మన పాత పెళ్ళిభోజనంలో ముద్దపప్పు, గుత్తివంకాయ, పులిహోర, కందగడ్డ కూర, గోంగూర పచ్చడి ఉండేవి. నెయ్యి వద్దంటే విస్తరిలో సగం పైగా నాకు పనికొచ్చేది. ఇప్పుడు ఏ కౌంటర్‌కి వెళ్ళినా పనీరే. పప్పులో కూడా ముందే నెయ్యి కలిపేస్తున్నారు. పోయిన మాఘంలో ఒక పెళ్ళిలో పులిహోర, అరటిపండు తిని వచ్చాను. వడ్డించే అబ్బాయి జాలిపడి ఇంకో అరటిపండు చేతిలో పెట్టాడు.

ఒక్క కాఫీ దగ్గరే ఇంకా పేచీ తెగలేదు. వేడి డికాషన్‌లో సోయాపాలు పోస్తే విరిగిపోతున్నాయి, కొబ్బరిపాలు పోస్తే పాయసం తాగినట్టుంది. దేశానికి పాలవెల్లువ తెచ్చిన వర్గీస్ కురియన్ గారు తాను మాత్రం పాలు తాగేవారు కాదు. ఆయన కాఫీ ఎలా పెట్టుకునేవారో గానీ, మీలో ఎవరికైనా విరక్కుండా పెట్టే చిట్కా తెలిస్తే చెప్పండి.